ఇంట్లోనే క్రిస్మస్ కార్డులు, కానుకలు, అలంకరణలు: కాగితం ఎంపిక నుంచి పార్సిల్ కట్టేదాకా

ఏటా నవంబరు వచ్చేసరికి నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. కార్డు మడత దగ్గర ఎందుకు పగులుతోంది? జిగురు పెట్టిన చోట కాగితం ఎందుకు ముడతలు పడుతోంది? పిండితో చేసిన బొమ్మలు ఎందుకు ఉబ్బిపోతున్నాయి? వీటికి ఒక్కొక్కటిగా జవాబు చెప్పే బదులు, మొత్తం పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

నా అనుభవంలో చేతిపని చెడిపోయేది చేయి తిరగక కాదు, తొందర వల్ల. జిగురు ఆరకముందే మడవడం, రంగు తడిగా ఉండగానే అతికించడం, నమూనా చూసుకోకుండా ఇరవై కార్డులు ఒకేసారి కోసేయడం లాంటివే కొంప ముంచుతాయి. అందుకే ఏది చేసినా ముందు ఒక్కటి పూర్తిగా చేసి, కవరులో పెట్టి, లేదా గోడకు తగిలించి చూడండి. అది బాగుంటేనే మిగతావి మొదలుపెట్టండి.

1. ముందుగా లెక్క, తేదీలు

కత్తెర పట్టుకునే ముందు ఒక కాగితం మీద మూడు పట్టీలు రాసుకోండి: కార్డులు ఎవరెవరికి, కానుకలు ఎవరెవరికి, ఇంట్లో ఎక్కడెక్కడ అలంకరణ. కార్డుల పట్టీలో పోస్టులో వెళ్లేవి, చేతికిచ్చేవి విడివిడిగా రాయండి. పోస్టులో వెళ్లేవి పలచగా ఉండాలి, ముందే పూర్తవ్వాలి. ఉబ్బెత్తు అలంకారాలన్నీ చేతికిచ్చే కార్డులకే ఉంచండి.

డిసెంబరు 25 నుంచి వెనక్కి లెక్కేసుకుంటే పని ఇలా సర్దుకుంటుంది.

- నవంబరు చివరి వారం: పట్టీలు, సామాను, ప్రతి రకానికీ ఒక నమూనా. కొవ్వొత్తులు పోయాలనుకుంటే అవి కూడా ఇప్పుడే.
- డిసెంబరు 1–7: పోస్టులో వెళ్లే కార్డులు. విదేశాలకు వెళ్లేవి ఇంకా ముందే పంపాలి. ఉప్పుపిండి బొమ్మలు కూడా ఈ వారమే, ఎందుకంటే అవి ఆరడానికి రోజులు పడతాయి.
- డిసెంబరు 8–14: చేతికిచ్చే కార్డులు, నోటు పుస్తకాలు, బొమ్మలకు రంగులు.
- డిసెంబరు 15–20: నక్షత్రాలు, మంచుపూలు (కాగితంతో కోసే స్నోఫ్లేక్‌లు), గోడ అలంకరణ.
- డిసెంబరు 21–24: ప్యాకింగ్ మాత్రమే. ఈ నాలుగు రోజుల్లో కొత్త పని ఏదీ మొదలుపెట్టకండి. అక్కడే టెన్షన్ మొదలవుతుంది.

మొదటిసారి చేస్తున్నవాళ్లు ఒక రకం కార్డు, ఒక రకం అలంకరణ, ఒక రకం కానుక ఎంచుకుంటే చాలు. మూడూ నిండుగా వస్తాయి.

2. సామాను

దుకాణంలో కనిపించినవన్నీ కొనక్కర్లేదు. ఇవి ఉంటే ఈ వ్యాసంలోని పనులు దాదాపు అన్నీ అయిపోతాయి.

- 250 నుంచి 300 జీఎస్‌ఎం అట్టకాగితం (కార్డు పైభాగానికి). జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో; అంకె పెరిగేకొద్దీ కాగితం దళసరి
- 120 నుంచి 160 జీఎస్‌ఎం కాగితం (కార్డు లోపలి పొరకు)
- 70 నుంచి 80 జీఎస్‌ఎం మామూలు ప్రింటర్ కాగితం (మంచుపూలకు, నోటు పుస్తకాలకు)
- స్టీలు స్కేలు, పదునైన కట్టర్, కింద పరుచుకోవడానికి కటింగ్ మ్యాట్ లేదా మందపాటి అట్ట
- కత్తెరలు రెండు, ఒకటి కాగితానికే ప్రత్యేకంగా
- ఇంకు అయిపోయిన బాల్ పెన్ను
- గ్లూ స్టిక్, తెల్ల జిగురు, డబుల్ సైడ్ టేప్
- సూది, దబ్బనం, గట్టి నూలు దారం
- పెన్సిలు, రబ్బరు, వృత్తలేఖిని, కోణమానిని

ప్లాస్టిక్ స్కేలు ఆనించి కట్టర్ లాగితే స్కేలు అంచే తెగిపోతుంది, తర్వాత గీసే గీతలన్నీ వంకర పోతాయి. స్టీలు స్కేలే తీసుకోండి. కట్టర్ బ్లేడు కొస మొద్దుబారగానే విరిచి కొత్త కొస వాడండి. మొద్దు బ్లేడు కాగితాన్ని కోయదు, చింపుతుంది. పైగా ఎక్కువ బలం పెట్టాల్సి రావడంతో చేయి జారేది కూడా అప్పుడే.

జిగురు విషయంలో ఒక మాట. తెల్ల జిగురులో నీళ్లుంటాయి, కాగితం ఆ నీటిని పీల్చి ఉబ్బుతుంది. కాగితం మీద కాగితం అతికించడానికి గ్లూ స్టిక్ గానీ డబుల్ సైడ్ టేప్ గానీ వాడండి. తెల్ల జిగురును గుడ్డ, చెక్క, గుండీలు, మందపాటి అట్ట వంటి వాటికి ఉంచండి. పైన్ కాయల వంటి ఎగుడుదిగుడు వస్తువులకు గ్లూ గన్ మంచిది. పిల్లలు దగ్గరుంటే తక్కువ వేడి గన్ వాడండి, దాన్ని మాత్రం పెద్దవాళ్లే పట్టుకోవాలి.

3. కాగితం వాటం, మడత

కార్డుల పనిలో సగం ఇక్కడే ఉంది. చెక్కకు ఉన్నట్టే కాగితానికీ ఒక వాటం ఉంటుంది. తయారీలో పీచు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకుంటుంది. ఆ దిశలో మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే వెన్ను పగిలి తెల్లటి పీచు బయటపడుతుంది.

వాటం తెలుసుకోవడం తేలిక. కాగితాన్ని మడవకుండా మధ్యలో మెల్లగా వంచి అరచేత్తో నొక్కండి. తర్వాత రెండో దిశలో కూడా అలాగే చేయండి. ఎలా వంచినప్పుడు తక్కువగా ఎదురుతిరిగిందో, మడత కూడా అలాగే వేయాలి.

ఏ4 కాగితాలు చాలావరకు పొడవు దిశలో వాటం ఉన్నవే. వాటిని నేరుగా సగానికి మడిచి పెద్ద కార్డు చేస్తే మడత వాటానికి అడ్డం పడుతుంది. అదే ఏ4ను ముందు రెండు ఏ5 ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను సగానికి మడిస్తే మడత వాటం వెంబడే వస్తుంది. అంటే ఒక ఏ4 నుంచి రెండు చిన్న కార్డులు వస్తాయి. ఒక్కోటి 105 × 148 మి.మీ. ఉంటుంది, సీ6 కవరులో (114 × 162 మి.మీ.) సరిగ్గా పడుతుంది. అందుకే మొదటిసారి చేసేవాళ్లను ఈ కొలతతోనే మొదలుపెట్టమంటాను.

మడత వేసే వరుస:

1. కార్డు బయటి వైపు పైకి ఉండేలా పెట్టి, మధ్య గీత ఎక్కడొస్తుందో పైనా కిందా రెండు చుక్కలు పెట్టండి. గీత మొత్తం గీయక్కర్లేదు.
2. స్కేలు ఆ చుక్కల మీద ఆనించి, ఇంకు లేని పెన్నుతో రెండుసార్లు గట్టిగా గీటు పెట్టండి. కింద నాలుగు కాగితాలు పరిస్తే గీటు లోతుగా పడుతుంది.
3. కాగితం తిప్పి చూస్తే వెనక సన్నగా ఉబ్బిన గీత కనిపిస్తుంది. ఆ ఉబ్బు మడతకు లోపలి వైపు రావాలి. చాలామంది దీన్ని తిరగేసి మడుస్తారు, అందుకే బయట పగుళ్లు.
4. అంచులు కలిపి పట్టుకుని ముందు మెల్లగా మడిచి, తర్వాత స్పూను వెనకభాగంతో మడత మీద ఒకసారి రుద్దండి. ముదురు రంగు కాగితం రుద్దితే మెరుపు మరక పడుతుంది కాబట్టి పైన ఒక తెల్లకాగితం వేసి రుద్దండి.
5. మడిచాక అంచులు అర మిల్లీమీటరు తేడా వస్తే స్కేలుతో అంచు కత్తిరించండి. ముందే కత్తిరిస్తే మళ్లీ తేడా వస్తుంది.

4. సాదా కార్డు

మొదటి కార్డుకు బొమ్మలు గీయడం రావాల్సిన పనే లేదు. మిగిలిన రంగు కాగితాలు, పాత గిఫ్ట్ పేపర్లు, గుడ్డ ముక్కల నుంచి 8 నుంచి 10 మి.మీ. వెడల్పు పట్టీలు కోసుకోండి. అడుగున 70 మి.మీ., దాని పైన 60, ఆ పైన 50, ఇలా తగ్గుతూ పేర్చితే క్రిస్మస్ చెట్టు వచ్చేస్తుంది.

1. ముందు పట్టీలన్నీ జిగురు లేకుండా కార్డు మీద పేర్చి చూడండి. చెట్టు కార్డుకు సరిగ్గా మధ్యలో కన్నా రవ్వంత పైకి ఉంటే కింద శుభాకాంక్షలకు చోటు దొరుకుతుంది.
2. నచ్చాక ఫోనులో ఒక ఫోటో తీసుకోండి. పట్టీలు కదిలినా వరుస మర్చిపోరు.
3. అడుగు పట్టీ నుంచి మొదలుపెట్టి పైకి అతికించండి. మధ్య ఖాళీలు 2 మి.మీ. చాలు.
4. పైన చిన్న నక్షత్రం, కింద మొదలుకు చిన్న గోధుమరంగు ముక్క.
5. కార్డు మూసి, రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు ఉంచి ఒక రాత్రి వదిలేయండి. ముడతలు రాకుండా కాపాడేది ఈ ఒక్క పనే, దాన్ని దాటేయకండి.

రంగులు రెండు, మూడుకు మించకపోతే కార్డు పొందికగా కనిపిస్తుంది. చెమ్కీ పొడి నాకు నచ్చదు. ఎంత దులిపినా కవరులో, చేతులకు, బట్టలకు రాలుతూనే ఉంటుంది. మెరుపు కావాలంటే బంగారు రంగు పెన్నుతో అంచు గీయండి, లేదా మెరిసే కాగితం పట్టీ ఒకటి వేయండి.

పిల్లలతో చేస్తుంటే బంగాళదుంప అచ్చు బాగుంటుంది. దుంపను సగానికి కోసి ఆకారం చెక్కాక, కోసిన ముఖాన్ని కాగితంతో అద్ది పది నిమిషాలు ఆరనివ్వండి. దుంపలో తడి ఉంటే రంగు పలచబడి ఆకారం అలుక్కుపోతుంది. అక్షరాలు చెక్కితే తిరగేసి చెక్కాలని గుర్తుంచుకోండి.

5. తెరిస్తే లేచి నిలబడే చెట్టు కార్డు

దీన్ని చూసి చాలామంది కష్టమనుకుంటారు. కొలత ఒక్కటి అర్థమైతే అరగంటలో అయిపోయే పని ఇది. కార్డు లోపల చిన్న మెట్టు లాంటిది కోసి, దాని ముందు చెట్టు అతికిస్తాం. కార్డు మూస్తే చెట్టు పడుకుంటుంది, తెరిస్తే లేస్తుంది.

కావలసినవి: లోపలి పొరకు 120 నుంచి 160 జీఎస్‌ఎం ఏ5 ముక్క, బయటి పొరకు 250 జీఎస్‌ఎం ఏ5 ముక్క, చెట్టుకు ఏదైనా గట్టి కాగితం.

1. లోపలి కాగితాన్ని సగానికి మడవండి. మడత 148 మి.మీ. వైపున వస్తుంది. ల్యాప్‌టాప్‌లా పైకి తెరుచుకునేలా పట్టుకోండి. ఒక్కో భాగం ఎత్తు 105 మి.మీ.
2. మడిచి ఉండగానే, మడత అంచు నుంచి లోపలికి 25 మి.మీ. పొడవున రెండు సమాంతర గీతలు గీయండి. రెండింటి మధ్య దూరం 15 మి.మీ. ఉంచండి. చెట్టు వెనక దాక్కునేంత సన్నగా ఉంటే మంచిది.
3. ఆ రెండు గీతలను కత్తెరతో కోయండి. రెండు కోతల చివర్లనూ కలుపుతూ గీటు పెట్టి, ఆ నాలుకను ముందుకు, వెనక్కి మడవండి.
4. కార్డును సగం తెరిచి, వెనక నుంచి వేలితో నాలుకను లోపలికి తోయండి. చిన్న పెట్టె ఆకారంలో నిలుస్తుంది. అలాగే కార్డు మూసి గట్టిగా నొక్కండి.
5. చెట్టు కోసి పెట్టె ముందు ముఖానికి అతికించండి. చెట్టు అడుగు కార్డు అడుగు భాగాన్ని తాకుతూ ఉండాలి, కానీ దానికి అతుక్కోకూడదు.
6. కార్డు మూసి చూడండి. చెట్టు కొస బయటికి రాకపోతే పని సరిగ్గా వచ్చినట్టే.

కొస బయటికి రాకుండా ఉండాలంటే లెక్క ఇది: చెట్టు ఎత్తు, కోత పొడవు రెండూ కలిపితే కార్డు భాగం ఎత్తు కన్నా తక్కువ ఉండాలి. ఇక్కడ 105 నుంచి 25 తీస్తే 80. అంచున 10 మి.మీ. ఖాళీ వదిలితే చెట్టు 70 మి.మీ. దాకా ఉండొచ్చు. కోత పొడవు మాత్రం ఎప్పుడూ కార్డు భాగం ఎత్తులో సగం దాటకూడదు. దాటితే పెట్టె మూలే బయటికి పొడుచుకొస్తుంది.

ఈ లెక్కతో మూడు చెట్లు కూడా పెట్టొచ్చు. కోతలు 15, 25, 35 మి.మీ. పెడితే చెట్లు వరుసగా 80, 70, 60 మి.మీ. దాకా వస్తాయి. వెనక పొడుగ్గా, ముందు పొట్టిగా దానంతట అదే అమరి చిన్న అడవిలా కనిపిస్తుంది. మూడు కోతలనూ పక్కపక్కన, ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి.

చివరగా బయటి పొర. ముందే గీటు పెట్టి మడిచి ఉంచండి. లోపలి కార్డు వెనక ఒక సగానికి మాత్రమే జిగురు రాసి, బయటి పొరలో కూర్చోబెట్టండి. తర్వాత రెండో సగానికి జిగురు రాసి, కార్డును మూసి నొక్కండి. తెరిచి పెట్టి రెండు సగాలూ ఒకేసారి అతికిస్తే కార్డు తర్వాత సరిగ్గా మూసుకోదు, మడత దగ్గర లాగేస్తుంది. కోసిన పెట్టె వెనక భాగానికి జిగురు అంటకూడదు, అంటితే చెట్టు లేవదు.

6. రాత, కవరు

లోపల రాయాల్సింది అతికించక ముందే రాయండి. పెన్నును ముందు అదే కాగితం ముక్క మీద పరీక్షించి, పది సెకన్ల తర్వాత వేలితో రుద్దండి. మెరుపు కాగితం మీద జెల్ పెన్ను చాలాసేపు ఆరదు. ముదురు కాగితానికి తెల్ల జెల్ పెన్ను బాగుంటుంది.

ఏం రాయాలో తోచకపోతే, ఆ మనిషి ఈ ఏడాది మీకు చేసిన ఒక మంచి పని పేరుపెట్టి రాయండి. "క్రిస్మస్ శుభాకాంక్షలు" కింద ఆ రెండు వాక్యాలుంటే ఆ కార్డును ఎవరూ పారేయరు.

ఇంట్లో చేసే కవరుకు 20 సెం.మీ. చతురస్రం కాగితం చాలు. కార్డును దాని మధ్యలో ఐమూలగా పెట్టి, పక్క కొసలు రెండూ ముందు లోపలికి మడిచి, తర్వాత కింది కొస పైకి మడిచి అతికించండి. కార్డు చుట్టూ 3 మి.మీ. వదులు ఉంచితేనే ఇబ్బంది లేకుండా దూరుతుంది.

7. మంచుపూలు, నక్షత్రం

మంచుపూలకు పలచటి కాగితమే వాడాలి. 15 నుంచి 20 సెం.మీ. చతురస్రం తీసుకోండి.

1. ఐమూలగా మడిచి త్రిభుజం చేయండి. దాన్ని మళ్లీ సగానికి మడవండి.
2. ఇప్పుడు లంబకోణం ఉన్న మూలే పువ్వు కేంద్రం. ఆ మూల నుంచి త్రిభుజాన్ని మూడు సమాన భాగాలుగా మడవండి, ఒక భాగం ముందుకు, ఇంకొకటి వెనక్కి.
3. పైన రెండు చెవుల్లా మిగిలిన కొసలను అడ్డంగా కోసేయండి.
4. రెండు పక్కల మడతల నుంచి త్రిభుజాలు, అర్ధచంద్రాలు కోయండి. కోతకూ కోతకూ మధ్య కనీసం 5 మి.మీ. వదలండి. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పూర్తిగా కోస్తే పువ్వు రెండు ముక్కలవుతుంది.
5. మెల్లగా విప్పి, కాగితాల మధ్య పెట్టి పుస్తకాల కింద ఉంచండి.

మూడు భాగాలుగా కాకుండా సగం సగంగానే మడిచి కోస్తే నాలుగో ఎనిమిదో రేకులొస్తాయి, చూడ్డానికి టేబుల్ క్లాత్‌లా ఉంటుంది. నిజమైన మంచుపూలకు ఆరు రేకులే. అందుకే మూడు భాగాల మడత.

ఉబ్బెత్తు నక్షత్రానికి 160 నుంచి 200 జీఎస్‌ఎం కాగితం మీద 10 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసి, ప్రతి 72 డిగ్రీలకు ఒక చుక్క పెట్టండి. ఒక చుక్క వదిలి ఒక చుక్కను కలుపుతూ పోతే నక్షత్రం వస్తుంది. ప్రతి కొస నుంచి కేంద్రం మీదుగా ఎదురుగా ఉన్న లోపలి మూల దాకా ఒక గీటు పెట్టండి, మొత్తం ఐదు. కొస నుంచి కేంద్రం దాకా మడత పైకి, కేంద్రం నుంచి లోపలి మూల దాకా కిందికి రావాలి. వేళ్లతో మెల్లగా చిటికిస్తూ పోతే నక్షత్రం దానంతట అదే ఉబ్బుతుంది.

రెండు వైపులా కనిపించే నక్షత్రం కావాలంటే ఇలాంటివి రెండు చేసి, ఒకదాని అంచుల వెంబడి 8 మి.మీ. అతుకు పట్టీలు ఉంచి కలపండి. ఒక అంచు అతికించకుండా వదిలితే లోపల బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ దీపాల దండ పెట్టొచ్చు. దబ్బనంతో చిన్న చిన్న రంధ్రాలు పొడిస్తే వెలుగు చుక్కలుగా వస్తుంది. కాగితం నక్షత్రంలో కొవ్వొత్తి గానీ వేడెక్కే బల్బు గానీ ఎట్టిపరిస్థితుల్లో పెట్టకండి.

8. ఉప్పుపిండి బొమ్మలు

కొలత: రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, ముప్పావు నుంచి ఒక కప్పు నీళ్లు. మైదా మామూలుదే కావాలి. బేకింగ్ పౌడర్ కలిపి అమ్మే పిండి వాడితే బొమ్మలు పొంగుతాయి.

1. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పది నిమిషాలు కలపండి. చేతికి అంటకుండా, పగలకుండా ఉండాలి.
2. బేకింగ్ పేపర్ మీదే 5 మి.మీ. మందాన ఒత్తి, అక్కడే ఆకారాలు కోసి, చుట్టూ ఉన్న పిండి తీసేయండి. బొమ్మను ఎత్తి వేరే చోట పెడితే సాగిపోతుంది.
3. స్ట్రాతో దారం కోసం రంధ్రం పెట్టండి. అంచుకు కనీసం 8 మి.మీ. దూరంగా ఉండాలి.
4. ఒవెన్‌లో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు మూడు గంటలు ఉంచండి, మధ్యలో ఒకసారి తిప్పండి. ఒవెన్ లేకపోతే జాలీ మీద పెట్టి రోజూ తిప్పుతూ నాలుగైదు రోజులు ఆరనివ్వండి. గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది.
5. అడుగున మధ్యలో గోటితో నొక్కండి. మెత్తగా తగిలితే ఇంకా ఆరలేదు.
6. చల్లారాక ఆక్రిలిక్ రంగులు, అవి ఆరాక రెండు పలచటి పూతల వార్నిష్. అంచులు, రంధ్రం లోపల కూడా వేయాలి. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, వదిలేసిన చోట నుంచే మెత్తబడటం మొదలవుతుంది.

ఇంట్లో కుక్క ఉంటే ఈ బొమ్మలు దానికి అందనంత ఎత్తులో ఉంచండి. వీటిలోని ఉప్పు కుక్కలకు ప్రాణాపాయం.

9. కానుకలు

*చేతికుట్టు నోటు పుస్తకం.* కార్డుల కాగితమే ఇక్కడా పనికొస్తుంది, అందుకే నాకు ఇది ఎక్కువ ఇష్టం. నాలుగు ఏ4 కాగితాలను ఏ5గా కోసి, ఎనిమిది ముక్కలనూ కలిపి సగానికి మడిస్తే 32 పేజీలు. అట్టకు 250 జీఎస్‌ఎం.

1. మడత మీద సరిగ్గా మధ్యలో ఒకటి, పైనా కిందా అంచు నుంచి 2 సెం.మీ. దూరంలో ఒక్కోటి, మొత్తం మూడు రంధ్రాలు దబ్బనంతో పొడవండి. అట్ట, కాగితాలు అన్నీ కలిపి క్లిప్పులు పెట్టి పొడిస్తేనే రంధ్రాలు ఒకే వరుసలో ఉంటాయి.
2. పుస్తకం ఎత్తుకు మూడు రెట్లు దారం తీసుకోండి. లోపలి నుంచి మధ్య రంధ్రం ద్వారా బయటికి తీసి, లోపల 5 సెం.మీ. కొస వదలండి.
3. బయటి నుంచి పై రంధ్రంలోకి లోపలికి. లోపల మధ్య రంధ్రాన్ని దాటేసి, కింది రంధ్రం ద్వారా బయటికి.
4. బయటి నుంచి మళ్లీ మధ్య రంధ్రంలోకి లోపలికి.
5. రెండు కొసలూ లోపలి పొడవాటి కుట్టుకు చెరో పక్క రావాలి. దాని మీదుగా గట్టిగా ముడివేయండి.
6. కుట్టాక లోపలి పేజీలు కాస్త ముందుకు పొడుచుకొస్తాయి. స్టీలు స్కేలు ఆనించి కట్టర్‌తో అంచు సరిచేయండి. ఒకే లాగుడుకు తెగాలని బలం పెట్టకండి, నాలుగైదుసార్లు తేలిగ్గా లాగండి.

*గ్లాసులో కొవ్వొత్తి.* వేడిని తట్టుకునే గాజు గ్లాసు లేదా రేకు డబ్బా కావాలి. ఎంత మైనం పడుతుందో తెలియాలంటే గ్లాసులో కావలసినంత ఎత్తుకు నీళ్లు పోసి కొలవండి. 100 మి.లీ. నీళ్ల చోటుకు సుమారు 85 నుంచి 90 గ్రాముల సోయా మైనం. తర్వాత గ్లాసును పొడిగా తుడవండి. వత్తిని అడుగున అంటించి, పైన రెండు పుల్లల మధ్య నిటారుగా నిలబెట్టండి.

మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, పక్కనే ఉండండి. సువాసన నూనె మైనం బరువులో 6 శాతం చాలు, అంటే 200 గ్రాములకు 12 గ్రాములు. ఎంత వేడి దగ్గర కలపాలో, ఎప్పుడు పోయాలో మైనం ప్యాకెట్ మీద ఉన్న సూచననే పాటించండి, ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. పోశాక గాలి తగలని చోట కదపకుండా వదిలేయండి. వత్తిని 5 మి.మీ. ఎత్తుకు కత్తిరించండి. సోయా మైనంలో సువాసన కుదురుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, నవంబరులోనే పోయమన్నది అందుకే.

ఎవరికైనా ఇచ్చే ముందు ఒకటి మీరు వెలిగించి చూడండి. మంట పెద్దదై మసి వస్తే వత్తి లావైంది. మధ్యలో మాత్రమే కరిగి గుంట పడితే వత్తి సన్నమైంది. కరిగించేటప్పుడు మైనం అంటుకుంటే నీళ్లు పోయకండి. పొయ్యి ఆపి, మూత పెట్టి ఆర్పండి.

*సీసాలో బిస్కెట్ మిశ్రమం.* ఇది సులువు. మీకు బాగా కుదిరే వంటలోని పొడి సరుకులన్నీ పొరలుగా నింపి, కలపాల్సిన వెన్న, గుడ్లు, పాల కొలతలు, ఒవెన్ వేడి, సమయం చీటీ మీద రాసి కట్టండి. సీసా పూర్తిగా పొడిగా ఉండాలి. గింజపప్పులు, గోధుమపిండి ఉంటే చీటీలో తప్పకుండా రాయండి, కొందరికి పడవు.

10. తరచుగా వచ్చే ఇబ్బందులు, సవరణలు

- కార్డు వెన్ను పగిలింది: సన్నటి రిబ్బన్ లేదా గుడ్డ పట్టీ వెన్ను మీద అతికించండి. చూసేవాళ్లకు అదీ అలంకారంలో భాగంలాగే కనిపిస్తుంది.
- అతికించిన చోట ముడతలు: పూర్తిగా ఆరాక వెనక వైపు నుంచి, పైన తెల్లకాగితం వేసి, తక్కువ వేడి ఇస్త్రీపెట్టెతో ఒత్తండి. ఆవిరి వాడకూడదు. టేప్, ప్లాస్టిక్ ఉన్న కార్డుకు ఇది వద్దు.
- జిగురు మరక: తడిగా ఉండగా తుడిస్తే ఇంకా పాకుతుంది. ఆరనిచ్చి, పైన చిన్న నక్షత్రం అతికించండి.
- ఉప్పుపిండి బొమ్మ ఉబ్బింది: ఒవెన్ వేడి ఎక్కువైంది. వేడి తగ్గించి, పైన చదునైన ట్రే పెట్టి మిగతా సమయం ఆరనివ్వండి.
- బొమ్మ విరిగింది: తెల్ల జిగురుతో అతికించి, అతుకు మీద రంగు వేయండి.
- కొవ్వొత్తి పైన గుంట, పగుళ్లు: హెయిర్ డ్రయ్యర్‌తో పైభాగాన్ని కరిగించి సమం చేయండి.

11. ప్యాకింగ్, దాచుకోవడం

పెట్టె చుట్టే ముందు కాగితం కొలత చూసుకోండి. చుట్టూ తిరిగి 3 సెం.మీ. ఒకదానిమీదొకటి పడాలి. రెండు చివర్లా పెట్టె ఎత్తులో మూడొంతుల్లో రెండొంతులు మిగిలితే చాలు, ఎక్కువైతే మూలలు ఉబ్బుతాయి. కొవ్వొత్తి, సీసా వంటివి ముందు ముడతల అట్టలో చుట్టి, పెట్టెలో కదలకుండా నలిపిన కాగితంతో నింపండి. పెట్టెను చెవి దగ్గర ఊపి చూడండి. లోపల చప్పుడైతే ఇంకాస్త కాగితం కావాలి.

పంపే ముందు:

- కవరు మీద చిరునామా ఆరిందా, చెరగకుండా ఉందా
- మీ చిరునామా వెనక ఉందా
- నిలబడే కార్డు మూసి ఒక రోజు బరువు కింద ఉంచారా
- కొవ్వొత్తికి జాగ్రత్తల చీటీ కట్టారా
- ఎవరి పెట్టెలో వారి పేరున్న కార్డే పెట్టారా

పండగ అయ్యాక ఉప్పుపిండి బొమ్మలను ఒక్కోదాన్ని పలచటి కాగితంలో చుట్టి, తేమ పీల్చే సిలికా పొట్లాలతో మూతగట్టి డబ్బాలో పెట్టండి. నక్షత్రంలోంచి దీపాల దండ తీసి, బ్యాటరీలు విడిగా పెట్టండి, వదిలేస్తే అవి కారి వైర్లు పాడవుతాయి. మంచుపూలు పుస్తకాల మధ్యే ఉంచండి. కోసిన నమూనాలను, కొలతలు రాసుకున్న కాగితాన్ని ఒక కవరులో వేసి డబ్బా పైనే పెట్టండి.